చింతగింజ మింగిన పసివాడు

ఫ్రెంచివాళ్ళు పాలన వదిలేసినా కాగితాల పని ఇంకా పూర్తికాని రోజులవి. ఆసుపత్రిలో సగం మందుసీసాల మీద ఫ్రెంచి, సగం మీద ఇంగ్లీషు ఉండేది. నన్ను యానాం నుంచి పాండిచ్చేరికి నర్సుగా బదిలీ చేశారు. అక్కడ ఉప్పళం అనే పేటలో ఒక తెలుగువాళ్ళ ఇంట్లో వెనకగది అద్దెకు తీసుకున్నాను. తాతల నాటి నుంచీ వాళ్ళది ఆ ఊరే. తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. ఇంటికి పెద్ద అవ్వ. ఆమె కొడుకుది నూనె వ్యాపారం. కోడలికి అప్పుడప్పుడే పాకుతున్న కొడుకున్నాడు.

ఆ ఇంట్లో దిగిన కొన్నాళ్ళకే వార్డులో ఒక పసిపిల్ల నా చేతుల్లోనే పోయింది. గుడ్డ కప్పి, చేతులు కడుక్కుని, పక్క మంచం దగ్గరికి వెళ్ళాను. ఏడుపు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. తిండి రుచి తెలిసేది కాదు. ఎవరైనా నవ్వితే, నవ్వాలి కాబట్టి నేనూ నవ్వేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఇంటి బావి దగ్గర తలంటుకుంటున్నాను. కోడలు వసారాలో చింతపండులో గింజలు తీస్తోంది. ఉన్నట్టుండి "అక్కా!" అని అరిచింది. కుంకుడు నురగతోనే పరుగెత్తాను.

పిల్లవాడు నోరు తెరిచి ఉన్నాడు. శబ్దం లేదు. పెదవులు నీలంగా మారుతున్నాయి. లాక్కుని ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి వంచి, వీపు మీద రెక్కల మధ్య అరచేత్తో గట్టిగా చరిచాను. మళ్ళీ మళ్ళీ చరిచాను. చింతగింజ ఊడి నేలమీద పడింది. కోడలు "వచ్చేసింది, వచ్చేసింది" అంది. కాని వాడు ఊపిరి తీయలేదు. చేతులు గుడ్డపేలికల్లా వేలాడుతున్నాయి.

నేలమీద వెల్లకిలా పడుకోబెట్టాను. వాడి నోరూ ముక్కూ కలిపి నా నోటితో మూసి మెల్లగా ఊదాను. పసివాళ్ళకి బుగ్గల్లో పట్టినంత గాలి చాలని మా డాక్టరుగారు చెప్పేవారు. రొమ్ము లేచింది. రెండు వేళ్ళతో రొమ్ము నడుమ నొక్కుతూ, మళ్ళీ ఊదుతూ ఉన్నాను.

అంతలో అవ్వ వచ్చింది. ఆమెకు కనబడింది వేరు. ఎక్కడి నుంచో వచ్చిన మనిషి తన మనవడి మొహం కొరుకుతూ, రొమ్ము అదుముతోంది.

"ఏంది నువ్వు చేసేది! బిడ్డని చంపతా ఉండావే, విడువు!"

జుట్టు పట్టుకుని లాగింది. వీపుమీద గుద్దింది. నేను లేవలేదు. ధైర్యంతో కాదు. ఆ దెబ్బలు మరెవరికో పడుతున్నట్టుంది. కోడలే అత్తను పట్టుకుని, "ఉండండత్తా! ఆయమ్మ ఊపిరి పోస్తా ఉండాది" అని వెనక్కి గుంజింది.

వాడి కడుపు ఒకసారి ఎగిరింది. ఇంకోసారి. కాస్త కక్కాడు. పక్కకి తిప్పి నోరు తుడిచాను. పిల్లికూనలా సన్నగా మొదలుపెట్టి గుక్కపట్టి ఏడ్చాడు.

అందరూ ఏడుస్తున్నారు. వీధిలోవాళ్ళు కూడా. నా మోచేతి మీద ఎండిపోయిన నురగను గోరుతో గీకుతున్నాను. "ఆసుపత్రికి పదండి. డాక్టరు చూడాలి" అన్నాను. ఆ గొంతు నాకే మందుల చీటీ చదువుతున్నట్టు వినిపించింది.

డాక్టరుగారు పరీక్షించి, ఆ రాత్రికి అక్కడే ఉంచమన్నారు. నాతో "బాగా చేశావమ్మా" అన్నారు. సరేనండి అని డ్యూటీ ఎక్కాను. అదే వార్డు, అవే మంచాలు. చెయ్యాల్సినవన్నీ చేశాను.

పిల్లవాడు ఇంటికొచ్చాక అవ్వ నా గది గుమ్మంలో కూర్చుంది.

"నిన్ను కొట్టితినే, పాపా."

"ఫరవాలేదవ్వా. తెలియక కదా."

"కోపంగా ఉండాదా?"

లేదన్నాను. నిజంగానే లేదు. కోపమే కాదు, సంతోషమూ లేదని ఆమెకు ఎలా చెప్పను? ఆమె లేచి వెళ్ళి, పళ్ళెంలో వేడి ఇడ్లీలు తెచ్చి నా ముందు పెట్టింది. నేను తినేదాకా కదల్లేదు.

వానల తర్వాత ఆసుపత్రి దగ్గరే గది దొరికి ఇల్లు మారాను. రిక్షా ఎక్కబోతుంటే కోడలు పిల్లవాణ్ణి చేతికిచ్చింది. ఆ రోజు తర్వాత వాణ్ణి నేను ఎత్తుకోలేదు. బాగా బరువెక్కాడు. నా మెడ ఒంపులో మొహం పెట్టి నిద్రపోయాడు. వాడి ఊపిరి వెచ్చగా తగులుతోంది. రిక్షావాడు రెండుసార్లు పిలిచాడు. కాసేపాగమన్నాను.