ఎడమకు తిరిగిన నీటిగుర్రం

మీలోస్ దీవిలో పుట్టి కూడా పడవ ఎక్కని మనిషి ఎవరని అడిగితే, అందరూ నికాసో ఇంటివైపే చూపిస్తారు. నీళ్లంటే ఆమెకు అంత భయం. అయినా నలభై ఏళ్లుగా ఆమె చేతుల్లో పుట్టినవన్నీ సముద్రపు జీవాలే. ముందు గుర్రం, వెనక చేప అయిన నీటిగుర్రాలు, నడుముకు కుక్కతలలు మొలిచిన స్కిల్లా అనే రాక్షసి, శంఖం ఊదే చేపతోక మనుషులు. వాటిని మట్టిపలకల మీద ఉబ్బెత్తుగా అచ్చు తీసి, కాల్చి, రంగులద్ది ఇస్తే జనం తమ చెక్కపెట్టెలకు బిగించుకుంటారు.

"వీటిని నువ్వెప్పుడన్నా చూశావా వదినా?" అని బట్టీ కాల్చే సోసిస్ ఆటపట్టించేవాడు.

"చూడకపోతే తోక ఇంత ఒడుపుగా ఎట్లా తిరుగుద్దిరా?" అనేది.

అబద్ధమేమీ కాదు. మధ్యాహ్నం వేళ తడిమట్టి మీద బొటనవేలు జారుతుంటే ఆమె కళ్లు సగం మూతపడేవి. గది గోడలు నీలంగా పలచబడేవి. దూలం కింద ఎండకట్టిన ఆక్టోపస్‌లు మెల్లగా కాళ్లు కదిపేవి. పలకలోంచి నీటిగుర్రం తల పైకెత్తి, జూలు విదిలించి, ఆమె చెయ్యి వాసన చూసి వెళ్లిపోయేది. సోసిస్ దగ్గితే మళ్లీ మట్టి మట్టే.

అక్కడి పనివాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. గుర్రం తల కుడికి తిరిగితే రేవు దాటి పోతున్నట్టు, ఎడమకు తిరిగితే ఇంటికి వస్తున్నట్టు. నావికుల ఇళ్లకు ఎడమది ఇస్తారు. సమాధిలో పెట్టే పెట్టెకు కుడిది. తారుమారు చేస్తే చీవాట్లు తప్పవు.

ఆమె భర్త అగేలాస్ ఎక్కిన పడవ మూడేళ్లుగా తిరిగి రాలేదు. శవం దొరకనివాళ్లకు ఖాళీ సమాధి తవ్వి, పెట్టెలో బట్టలు పెట్టి, సముద్రం వైపు నిలబడి పేరు మూడుసార్లు పిలవాలి. అప్పుడుగానీ ఆ ప్రాణం తిరుగుడు మానదు. పిలవాల్సింది భార్య. పిలిస్తే చచ్చిపోయాడని ఒప్పుకున్నట్టే కదా! అందుకే నికాసో ఒక ఏడు మట్టి బాగాలేదంది, ఇంకో ఏడు బట్టీ పగిలిందంది. ఊరు నమ్మినట్టు నటించింది.

ఈ వసంతంలో అత్త అరిస్తిలా మంచం పట్టింది. చూపు ఎప్పుడో పోయింది. "నేను పోయేలోగా నా కొడుక్కి ఇంత చోటు చూపించవే. ఎన్నాళ్లని నీళ్లమీద పడి తిరుగుతాడు?" అని చెయ్యి పట్టుకుంది. నికాసో సరేనంది.

సమాధి పెట్టె కోసం కొత్త అచ్చు తవ్వడానికి కూర్చుంది. మీద మనిషిని ఎక్కించుకున్న నీటిగుర్రం. తవ్వుతున్నంతసేపూ చేతివేళ్ల చుట్టూ అలలు లేచాయి. గుర్రం వీపు మీద అగేలాస్ తడిసిన జుట్టుతో, నిద్రపోయే ముఖంతో కూర్చుని ఉన్నాడు. ఆమెకు భయం వెయ్యలేదు. హాయిగా అనిపించింది, ఆ హాయికి సిగ్గు కూడా వేసింది. ఆ మైకంలోనే అచ్చులోంచి పలక తీసి, సరిగా చూడకుండానే బట్టీకి పంపింది.

బట్టీ తెరిచిన సోసిస్ పగలబడి నవ్వి, అంతలోనే నోరు మూసుకున్నాడు. అచ్చులో కుడికి తవ్వింది పలక మీద ఎడమకు వస్తుంది. పనిలో చేరిన మొదటిరోజు చెప్పే మాట అది. నలభై ఏళ్ల చెయ్యి దాన్ని మరిచిపోయింది. గుర్రం ఇంటిముఖం పట్టి ఉంది.

వారం ముందే ఊరందరికీ కబురు వెళ్లింది, రేపే కార్యం. నికాసో పలకను తీసుకెళ్లి అత్త ఒళ్లో పెట్టింది. ముసలిదాని వేళ్లు తోక మీంచి జూలు దాకా పాకి, మూతి దగ్గర ఆగాయి.

"కోడలా, వీడు ఇంటికి వస్తున్నాడే!"

"తప్పయిపోయింది అత్తా. కార్యం వాయిదా వేద్దాం. ఇంకోటి చేస్తా."

"నోర్ముయ్. మళ్లీ వాయిదానా? పొమ్మని ఎవరన్నా మూడుసార్లు పిలుస్తారటే? రమ్మనేగా పిలిచేది! ఇదే బిగించు."

మర్నాడు పొద్దున్నే సోసిస్ తన గాడిద మీద ముసలమ్మను ఒడ్డుకు తెచ్చాడు. పెట్టెలో పాత అంగీ పెట్టారు. సముద్రం పాలమీగడలా కదలకుండా ఉంది. నికాసో జీవితంలో మొదటిసారి చీలమండల దాకా నీళ్లలోకి దిగి పిలిచింది. "అగేలాస్!" రెండోసారి పెదవులే కదిలాయి.

"అదేం పిలుపే? వాడి ఎడమ చెవి మందం కదా, గట్టిగా పిలువు!" అని వెనక నుంచి అత్త కసిరింది. అరుస్తూనే ఏడ్చింది.

నికాసో ఊపిరి పీల్చి, దీవి అంతా వినపడేలా మిగిలిన రెండుసార్లూ పిలిచింది. మూడేళ్లుగా ప్రతి చప్పుడుకీ చెవి ఒగ్గిన మనిషి, ఈసారి జవాబు కోసం ఆగలేదు. ఒడ్డెక్కి వచ్చి పెట్టె మూత తనే వేసింది.