గేటు గేటుకీ ఆగిన కాలు

మా పెద్దత్త మొన్న పొద్దున పోయింది. గుండె ఆగిందట. కబురు వినగానే నాకు ఏడుపు కంటే ముందు నీరసం వచ్చింది. ఆవిడ ఎడమకాలి కోసం ఇన్నేళ్లు ఆస్పత్రుల చుట్టూ తిరిగి నేనూ అలిసిపోయాను మరి.

అంబాజీపేట పక్కన వాళ్ల ఊరు. రోజూ పాలకేంద్రానికి నడిచి వెళ్తూ గేటు గేటుకీ ఆగేది. "ఏమండీ, కోడలు నీళ్లాడిందా? ఏ బిడ్డ?" "కొబ్బరికాయ రేటు పెరిగిందటగా అండీ?" ఎంత కలుపుగోలు మనిషో అనుకునేవారు అందరూ. నాలుగడుగులేస్తే పిక్క పట్టేసేదనీ, నొప్పి తగ్గేదాకా కబుర్లతో నెట్టుకొచ్చేదనీ మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పాదం చల్లబడి మొద్దుబారితే ఇటుక కాల్చి కాపడం పెట్టుకుంది. చర్మం కాలినా ఆవిడకి తెలియలేదు. పుండు మానలేదు. అమలాపురంలో డాక్టరుగారు కాలు తీసేయాలన్నారు.

"కాలూ చెయ్యీ ఆడుతుండగా పోవాలిరా నేను. కాలు తీయించేమాటైతే నన్నిక్కడే వదిలేసి పో," అంది.

హైదరాబాదు తీసుకెళ్లాను. కాలికి వెళ్లే రక్తనాళం మూసుకుపోయిందన్నారు. గజ్జలోంచి సన్నటి గొట్టం పంపి, అడ్డాన్ని లేజరుతో కరిగించి, బెలూను ఊది దారి చేస్తామన్నారు.

"పంటకాలవ పూడిక తీసినట్టన్నమాట. ఆయ్, కానివ్వండి," అంది అత్త.

మర్నాడు పాదం వెచ్చగా తగిలింది. పట్టుకుని ఏడ్చేశాను.

చుట్ట కాలిస్తే నాళం మళ్లీ పూడుతుంది, మానమన్నారు. ఆయ్ అంది. రెండేళ్లకి కాలు మళ్లీ చల్లబడింది. పెరట్లో కొబ్బరి డొక్కల కింద చుట్టల కట్ట దొరికింది. నేను అరిస్తే, "కాలవకి ఏటేటా పూడిక తీయరేంట్రా?" అంది. నవ్వాలో తిట్టాలో తెలియలేదు. మళ్లీ అదే రైలు, మళ్లీ అదే బెలూను.

ఆ తర్వాత హాయిగా నడిచింది. అయినా గేట్ల దగ్గర ఆగడం మానలేదు. "ఇప్పుడు నొప్పి లేదుగా అత్తా?" అన్నాను.

"నాకు లేదురా. ఆగకపోతే వాళ్లు బెంగెట్టుకుంటారు."

పోయిన రోజు కూడా పాలు పోసి వచ్చే పడుకుందట.

పాడె లేపేటప్పుడు, "ఎండెక్కుతోంది, ఆగకుండా పదండి," అన్నారు పెద్దలు. కానీ ప్రతి గేటు దగ్గరా ఎవరో ఒకరు నిలబడి ఉన్నారు. మోస్తున్న మా కాళ్లు అక్కడల్లా ఆగాయి. చివరి గేటు దగ్గర ముసలాయన ఆవిడ ఎడమపాదం మీద చెయ్యి వేసి, "కోడలు నీళ్లాడిందండీ. ఆడపిల్ల," అన్నారు.