గొడ్డలి తప్పు కమ్మరిది కాదు

నా పేరు సోంబారి. వయసు అరవైకి పైనే. నా పెద్ద కూతురికే మనవలున్నారు, లెక్క మీరే వేసుకోండి. హుకుంపేట సంతకు ఒక పూట నడక దూరంలో, గెడ్డ ఒడ్డున మా ఊరు. ఇంట్లో నేను, నా పెనిమిటి, రెండు ఆవులు. నాకు అక్షరం రాదు. నేను చెబుతున్నాను, మిషను బడి పంతులు రాస్తున్నారు. మెత్తని మాటలు పెట్టి నా తప్పును చిన్నది చేయవద్దని ఆయనకు ముందే చెప్పాను.

మా ఊరి కమ్మరన్న మొన్న మంగళవారం పొద్దున పోయాడు. కొలిమి రాజేద్దామని బొగ్గుల బుట్ట ఎత్తబోయి అలాగే ఒరిగిపోయాడట. కబురు వచ్చినప్పుడు నేను చోడిపిండి కలుపుతున్నాను. ఏడవలేదు. ఆయన కోసం ఏడ్చే ముఖం నాకు లేదు. ఎందుకో చెబుతాను.

అన్న పని చేస్తూ మాట్లాడే మనిషి. ఒకసారి నేను సంత నుంచి తెస్తున్న ఉప్పురాయిని లాక్కుని, దాగలి మీద పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. పొడిపొడి అయింది. నేను కేకలు వేస్తుంటే, అదే చోట ఎర్రగా కాలిన ఇనుము పెట్టి కొట్టాడు. అది రేకులా సాగింది.

"సూసినావా సెల్లా? ఉప్పు పట్టింపుల మడిసి. వరస కాస్త కదిల్తే తెగతెంపులే. ఇనుము అలాక్కాదు. మన ఆడోళ్ల థింసా వరస లాటిది. తోస్తే వరస వొంగుద్ది గానీ, నడుం సుట్టూ ఏసిన సేతులు ఇడవవు."

"థింసా తరవాత ఆడదాం, ముందు నా ఉప్పు ఇయ్యి," అన్నాను. తన ఇంట్లోంచి దోసెడు తెచ్చి కొంగులో పోశాడు.

"లక్క కాకకి కారుద్ది, మట్టి కాకకి గట్టిపడుద్ది. ఒకదాని బుద్ధి ఇంకోదానికి అంటగట్టకు," అనేవాడు. గొడ్డలి ఇచ్చిన ప్రతిసారీ మాత్రం ఈ మాట తప్పదు: "కర్ర ఇరిగితే నాకాడికి తే. పొయ్యిలో ఎట్టకు. ఎర్రగా కాలినదాన్ని సన్నీళ్లలో ఏస్తే ఇనుము ఉలిక్కిపడుద్ది. గట్టిపడుద్ది గానీ వొంగడం మరిసిపోద్ది. మళ్లా సన్నకాక సూపి ఓదార్చాల."

మూడేళ్ల కిందట, పోడు కొట్టే రోజుల్లో మా గొడ్డలి కర్ర విరిగి ముక్క కన్నంలో ఇరుక్కుపోయింది. కొలిమికి వెళితే పూట పోతుందని దాన్ని పొయ్యిలోకి తోశాను. కర్ర కాలిపోయింది, ఇనుము ఎర్రబడింది. బేగి చల్లారాలని నీళ్ల కుండలో పడేశాను. చుయ్యిమంది. కొత్త కర్ర దిగ్గొట్టాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు నా పెనిమిటి మద్దిచెట్టు మీద మూడో వేటు వేయగానే అంచు పెళుక్కున విరిగి, ఆ ముక్క ఎడమ కంట్లో దిగింది. కన్ను పోయింది.

ఊరి పెద్దల ముందు అరిచింది నేనే. "కుళ్లు ఇనుము కట్టబెట్టి నా మొగుడి కన్ను తీసినాడు!"

అన్న విరిగిన అంచును వెలుతురుకు పెట్టి చూశాడు. ఉప్పు పలుకుల్లా మెరుస్తోంది. కర్ర ఊడదీసి, కన్నంలో వేలు పెట్టి తిప్పాడు. వేలికి మసి అంటింది. అప్పుడు నా వంక చూశాడు.

"ఏటి అలాగ సూత్తన్నావు? సెప్పు పెద్దలకి!" అని ఇంకా గట్టిగా అరిచాను.

మసి వేలిని పంచెకు తుడుచుకున్నాడు. "నా పనిలోనే తేడా వొచ్చినాది," అన్నాడు.

ఆ రోజు నుంచి ఊరు తన గొడ్డళ్లనూ నాగటి కర్రులనూ పక్క ఊరి కమ్మరికి మోసింది. అన్నకు మేకులూ తలుపు గొళ్లేలూ మిగిలాయి. గెడ్డకు దారి కొలిమి ముందు నుంచే. నేను చుట్టుదారి పట్టాను. ఒకనాడు గెడ్డ దగ్గరే దొరికిపోయాను. తప్పు నాదై ఉండి, ఎదురు తిరిగిందీ నేనే. "ఆ రోజు ఎందుకు సెప్పలేదు?"

"నీ మొగుడు కన్ను పోగొట్టుకున్నాడు. ఇంట్లో మడిసిని కూడా పోగొట్టుకోమంటావా? నీకు కుదిరినప్పుడు నివ్వే సెప్పు. బేగి పడకు. బేగి పడే గదా ఇంత సేసినావు," అని నవ్వాడు. ఆ నవ్వును అడ్డం పెట్టుకుని నేను మరో రెండేళ్లు నోరు మూసుకున్నాను.

ఇప్పుడు శుక్రవారం పెద్దలు కూర్చుంటున్నారు. చెడ్డ ఇనుము వంశమని అన్న కూతుర్నీ అల్లుణ్నీ కొలిమి నుంచి లేపేస్తారట. పక్క ఊరి కమ్మరిని తెచ్చి కూర్చోబెడతారట. పెద్దలారా, వినండి. గొడ్డలిని పాడు చేసింది నేను. కొలిమి ఆ పిల్లదే. శిక్ష ఏదైనా నాకు వేయండి. ఆ రోజు అబద్ధం ఎంత గట్టిగా అరిచానో శుక్రవారం నిజం అంత గట్టిగా అరుస్తాను.

నిన్న చావింటికి వెళ్లి మొదట ఆ పిల్లకే చెప్పాను. తిడుతుందనుకున్నాను. లోపలికి వెళ్లి ఒక గొడ్డలి తెచ్చింది. మాదే, ఆ రోజు పెద్దల ముందు అన్న చేతిలోనే వదిలేసినది. విరిగిన చోట కొత్త ఇనుము అతికి, పదును పెట్టి, కర్ర తొడిగి ఉంది. అంచు వెంట సన్నకాక చూపినప్పుడు వచ్చే నీలి చార.

"నాన్న ఎప్పుడో సేసి ఎట్టినాడు అత్తా. నివ్వు అడిగినప్పుడు ఇమ్మన్నాడు," అంది. నా ముఖం చూడలేదు.

ఇది సోంబారి ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షి: రాసిన పంతులు దావీదు.

సాక్షి: నా పెనిమిటి (లచ్చన్న). పేరు నేను పలకను, పంతులే రాసుకున్నారు. ఇదంతా నా పక్కనే కూర్చుని ఇప్పుడే విన్నాడు. గొడ్డలిని ఒళ్లో పెట్టుకుని, ఉన్న ఒక్క కన్నూ మూసుకుని, ఆ నీలి చార వెంట బొటనవేలిని మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించాడు. తర్వాత ఆ వేలినే సిరాలో అద్దాడు.