వలి బొటనవేలు

అనకాపల్లిలో మెషీన్లపై ఇనుప భాగాలు కోసే సీఎన్‌సీ షాపులో టూల్‌రూం కిటికీ దగ్గర పనిముట్లిచ్చే పని వలిది. ఆపరేటర్లు అడిగిన కట్టర్‌ అంచును బొటనవేలితో తడిమి, పదును చూసే ఇస్తాడు. మెషీన్ల రిపేరుకు ఎన్నో ఊళ్ల షాపులు తిరిగాను, వేలిని అంతగా నమ్ముకున్నవాణ్ణి చూడలేదు. నిన్న ఆపరేటర్ అప్పలనరసింహం తీసుకెళ్లిన కట్టర్‌తో తిరిగొచ్చాడు. "మళ్లీ మొండిదే ఇచ్చేవేటి మామా? కోస్తున్న జాబ్ పాడైపోయింది."

"నీ సేతిలో పడితే కొత్తదీ మొండిదే," అంటూ వలి మరొకటి తడిమాడు. ఇదీ అరిగిందని పక్కన పెట్టాడు. వేలి నుంచి రక్తం ట్రేలోకి కారుతోంది. అతనికి తెలియలేదు. "సుగరొచ్చి వేళ్లు మొద్దుబారేయా మామా?" అన్నాడు నరసింహం మెల్లగా. వలి వేలు చూసుకున్నాడు. "మేనేజర్‌కి సెప్పకు. పని తీసేత్తాడు." నరసింహం వలి పక్కన పెట్టిన ఆ కట్టరే తీసుకుని, వెనక వరసలో ఉన్నవాళ్లకు వినబడేలా, "మంచిదిచ్చేవు మామా," అన్నాడు. తర్వాతవాడు చెయ్యి చాపాడు. ఇంకో కట్టర్ తడమడానికి వలి చెయ్యి లేవలేదు.