పటం విప్పించి లేచొచ్చిన

నా వీడియో చూసి ఎవరన్నా "మస్తుంది" అంటే, చెప్పు తీసుకొని కొట్టినట్టే ఉంటది నాకు. ఎందుకో ఇన్నాళ్ళు బయటోళ్ళకు చెప్పలే, సిగ్గయి. ఇయ్యాల చెప్త.

మడికొండల ఆఫీసు పని నాది. శని, ఆదివారాలు కెమెరా సంచిలేసుకొని స్కూటీ మీద కళాకారుల ఇండ్లు తిరిగేదాన్ని. అందరినీ ఒక్కటే అడిగేది: "మన తెలంగాణ అంటే మీకేంది?" నర్సంపేట దిక్కు బతుకమ్మ పాటలు కట్టే ఒకామె పత్తి ఏరుకుంటనే, "అది తర్వాత చెప్త గని, జర ఈ మూట కొస పట్టు" అన్నది. వరంగల్ల జంపఖానాలు నేసే ఒక పెద్దాయన, "రాష్ట్రమొచ్చింది, సరే. నా మోకాళ్ళ నొప్పి పోయిందా?" అని నవ్విండు. అసొంటి జవాబులు నాకు ఆనకపోయేది. నాకు పెద్ద మాట గావాలె. పది మంది షేర్ చేసే మాట.

గా మాట కోసమే ఒక తాత ఇంటికి పోయిన. మేము సాలోళ్ళం. మా నాయన మగ్గం మీదనే మమ్ముల సాదిండు. ఆ తాతోళ్ళు తరతరాల నుంచి మా కులపోళ్ళ ఇండ్లకొచ్చి మా కులకథ చెప్పేటోళ్ళు. వాళ్ళ దగ్గర పటం ఉంటది, మూరల కొద్ది పొడుగు బట్ట, దాని నిండ వరుసలు వరుసలు బొమ్మలు. ఒక్కో వరుస విప్పుకుంట, పుల్లతోని చూపెట్టుకుంట కథ చెప్తరు. దానికొక కట్టుబాటుంది. పటం ఒక్కసారి విప్పితే, కథ ఆఖరిదాక చెప్పి హారతిచ్చినంకనే చుట్టాలె. నడుమల చుట్టొద్దు. ఇది నాకు తెల్వదనుకునేరు. చిన్నప్పుడు కథ నడుమ లేస్తె మా నానమ్మ నెత్తి మీద మొట్టి కూసోవెట్టేది.

తాతది ఊరి కొసకు రెండర్రల ఇల్లు. పోంగనే మా ఇంటి పేరడిగి, మా మూడు తరాల పేర్లు గడగడ చెప్పిండు. గొంతు మాత్రం బొంగురు వోయింది. గడ్డ లేచిందట.

"వచ్చే వారం హైదరాబాద్ దవాఖానల ఆపరేషన్ బిడ్డా. మాట పోతదంటాండ్రు. నా కొడుకు లారీ నడుపుతాండు, వానికి కథ సగమే వచ్చు. ఆపరేషన్ కంటె ముందు నీ మిషన్ల కథంతా ఒక్కసారి నింపిపెట్టు. వాడు చూసుకుంట నేర్సుకుంటడు" అన్నడు.

"ఫికర్ చెయ్యకు తాతా, అంతా నింపుత" అన్న. నోరే కదా, అనేసిన.

ముందుగాల కెమెరా పెట్టి నా ప్రశ్న అడిగిన. తాత "మా తెలంగాణ అంటే మీ ఇండ్లే బిడ్డా. ఏ ఊళ్ళె మీరుంటే అదే మా ఊరు" అన్నడు. నా పానం లేచొచ్చింది. దొరికింది మాట! ఇగ దానికి తగ్గ ఫోటో ఒక్కటి గావాలె.

"తాతా, జర పటం విప్పు."

"విప్పితె ఆఖరిదాక చెప్పాలె. ఉంటవా?"

"ఉంట."

ఇంట్ల ఇంకెవ్వరు లేరు. అవ్వ పత్తి చేనుకు పోయింది, కొడుకు లారీ మీద పోయిండు. తాత తానం చేసొచ్చి, దీపం ముట్టిచ్చి, దూలానికి పటం గట్టి కథ మొదలువెట్టిండు. నేను నాలుగు ఫోటోలు తీసిన. కథకు వీడియో బటన్ ఒత్తనే లేదు. అదే రోజు పాలంపేటల ఇంకొకాయన నా కోసం చూస్తాండు. పొద్దు గూకితె అక్కడి గుడి రాయి మీద వెలుగు పోతది, ఫోటో మంచిగ రాదని నా రంది. మూడో వరుస బొమ్మల కాడికి రాంగనే, "తాతా, మళ్ళొచ్చి మొత్తం తీస్త. ఇయ్యాల్టికి చుట్టెయ్" అన్న.

ఆయన ఆపలే. ఆపొద్దు కదా. పుల్ల బొమ్మ మీదనే ఉన్నది, కండ్లు మాత్రం నా దిక్కు తిప్పిండు. నేను చెప్పులేసుకున్న. స్కూటీ స్టార్ట్ చేస్తాంటె గూడ లోపట గొంతు ఇనవడ్తనే ఉన్నది. ఛీ, ఏం పుటకనో నాది. ఏరు దాటి తెప్ప తగలవెట్టుడంటె ఇదే.

వీడియో పెట్టిన. తాత మాటకు ఫోన్ మోగుడే మోగుడు. నేను ఉబ్బిపోయిన. మళ్ళొస్తనన్న మాట ఇయ్యాల రేపు అనుకుంట జరిపిన, ఆపరేషన్ గూడ అయిపోయింది.

రెండు నెలలకు తాత కొడుకు ఫోన్ చేసిండు. "అక్కా, బాపును ఇంటికి తెచ్చినం. ఆ రోజు కథ చూద్దామంటాంది అమ్మ. ఒక్కసారి రారాదు."

బత్తాయిపండ్లు కొనుక్కొని పోయిన. పండ్లతోని పోయేదా అది!

తాత మంచం మీద కూసున్నడు, మెడకు తెల్లగుడ్డ. కొడుకు కొత్త పెన్‌డ్రైవ్ కొనుక్కొచ్చి పెట్టుకున్నడు. "ఆపరేషన్‌కు పోయే ముందు బాపు చెప్పిండక్కా. మన సాలోళ్ళ బిడ్డ ఆఖరిదాక కూసొని అంతా నింపుకున్నది, నీకిగ రంది లేదు అని" అన్నడు.

అవ్వ చాయ్ ఇచ్చుకుంట, "నేను చేన్ల నుంచి వచ్చేటాళ్ళకు హారతిస్తాండు బిడ్డా. రుమాల నిండ నెత్తురు. గొంతు బాగలేదు, గింత కష్టమెందుకయ్యా అంటె, నింపుకునే పిల్ల వచ్చె కదనే, ఇప్పుడే పాయె అన్నడు" అన్నది.

నేను తాత దిక్కు చూసిన. ఇంత బువ్వ పెట్టిన ఇంటోళ్ళ పరువు బయటెయ్యొద్దనేది ఆ కథోళ్ళ నీతి. ఎసొంటి ఇంటి ముందు నిలవడ్డా ఆ ఇంటోళ్ళ వంశాన్ని పొగిడే వస్తరు. తాత ఆ నీతి తప్పలే. కట్టుకున్నదాని దగ్గర గూడ నా పరువు కాపాడిండు. ఇప్పుడు గూడ నన్ను చూసి, చెప్పకు అన్నట్టు తల అడ్డంగ ఊపిండు.

ఆఫీసు కంప్యూటర్ల ఉన్నది, వచ్చే వారం తెస్త అందామని నోటిదాక వచ్చింది. దాచుడెందుకు, వచ్చింది. కొడుకు పెన్‌డ్రైవ్ మూత తీసి నా చేతుల పెట్టిండు.

"లేదు తమ్మీ" అన్న. "నేను నింపలే. మూడో వరుస కాడనే లేచి పోయిన."

ఎవ్వరు తిట్టలే. తిట్టినా బాగుండు. తాత తప్పు తనదే అన్నట్టు తల వంచుకున్నడు. అవ్వకు సమజ్ కాలే. ఆయన దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.

"మరి ఆ రోజు గంత నెత్తురు కక్కుకుంట ఎవ్వరికి చెప్పిండు బిడ్డా?" అనడిగింది.