ఎస్తేరు కార్డులో పన్నెండు చిల్లులు

గూడూరు పోటీకి మా రైఫిల్ క్లబ్బు నుంచి ఆడవాళ్ళలో ఒక్కరికే చోటు. పోయిన నెల ఆ చోటు చేజేతులా పోగొట్టుకున్నాను. ఎలాగో వినండి, నవ్వితే నవ్వండి!

నెల్లూరులో మా వీధికి ఈ ఎయిర్ రైఫిల్ సరదా అంటించింది నేను. ఎదురింటి ఎస్తేరును క్లబ్బులో చేర్పించిందీ నేనే. మూడు నెలలు తిరక్కముందే మా కోచ్ మస్తాన్ సారు, "ఎస్తేరమ్మ నిలబడే తీరు చూడండి మేడమ్" అని నాకే చెప్పడం మొదలుపెట్టారు. ఇరవై ఏళ్ళుగా ఇంటర్ పిల్లల ముందు నిలబడి ఫిజిక్స్ చెప్తున్నదాన్ని, నిలబడడం నాకు తెలియదా? కడుపు మండదా!

ఆ ఆదివారం సెలక్షన్. గురికి తలా ఒక కాగితం కార్డు, తలా పది గుండ్లు. నట్టనడుమ తగిలితే పది మార్కులు. ఎస్తేరు నా పక్క లేన్‌లో. ఆమె రైఫిల్ టప్పుమన్నప్పుడల్లా నా మెడ అటు తిరిగేది. ఎక్కడ తగిలింది? మళ్ళీ పదేనా? చూసి, ఉడుక్కుని, అప్పుడు నా గుండు పేల్చేదాన్ని.

కార్డులొచ్చాయి. నా కార్డులో ఎనిమిదే చిల్లులు!

"సార్, రెండు గుండ్లు ముందు పడిన చిల్లుల్లోంచే దూరిపోయి ఉంటాయి. సాధ్యమే," అన్నాను, క్లాసులో చెప్పినట్టు.

"ఒకటంటే సరే మేడమ్. రెండూనా?"

నేను వింటే కదా! నా చూపు అప్పటికే ఎస్తేరు కార్డు మీదుంది. లెక్కపెట్టాను. పన్నెండు!

"సార్! పన్నెండు పేల్చింది! కొట్టెయ్యండి ఈమె పేరు!"

"అయ్యో అక్కా, నాకిచ్చిందే పది గుండ్లు," అంది ఎస్తేరు బిక్కమొహం పెట్టి.

"మరి ఆ రెండూ శ్రీహరికోట నుంచి వచ్చినాయా?"

మస్తాన్ సారు ఆ కార్డును కిటికీ వెలుగుకి ఎత్తి పట్టారు.

"పది బొక్కలు మిషన్‌తో కొట్టినట్టు గుండ్రంగా ఉండాయి. ఎస్తేరమ్మవి మొన లేని గుండ్లు, కాగితాన్ని కోసినట్టు పోతాయి. ఈ రెండూ చూడండి, అంచులు చిరిగి పీలికలైనాయి. ఇవి మొన గుండ్లు. ఈడ మొన గుండ్లు వాడేదెవరు?"

మొన ఉంటే ఇంకా సూటిగా పోతుందని, సారు వద్దన్నా వినకుండా కొనుక్కున్నది నేనొక్కదాన్నే.

ఆమె కార్డును చూసి చూసి, రెండుసార్లు దానికే గురిపెట్టేశాను! పైగా ఆ రెండూ నట్టనడుమ పడ్డాయి, పదికి పది. నా సొంత కార్డులో ఒక్క పదీ లేదు.

"ఇవి మీ కార్డులో పడుంటే గూడూరు మీరే పోయేవాళ్ళు మేడమ్. ఇప్పుడు రెండూ సున్నాలే," అన్నారు మస్తాన్ సారు, నవ్వు ఆపుకుంటూ.

"నా కార్డులో అయితే భలే కొట్టినావక్కా!" అంది ఎస్తేరు. అది మెచ్చుకోలో ఎగతాళో నాకింకా తేలలేదు.

ఎస్తేరు మీద కుళ్ళు మానుకోవాలని నేనేం ఒట్టు పెట్టుకోలేదు. అది నావల్ల అయ్యే పని కాదు. ఆమె పక్కన మాత్రం నిలబడకూడదని ఆ రోజే తీర్మానించుకున్నాను. నెల దాటింది, మాట తప్పలేదు. ఎన్ని లేన్లు ఖాళీగా ఉన్నా ఆ చివరి లేన్‌లోకే పోతున్నాను. అక్కడ నా పక్కన గోడ. దాన్ని చూసి కుళ్ళుకోవాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.