మా అత్తగారు లేవకుండా చూసిన సినిమా

ఆ రోజుల్లో సినిమా మొదలు చూడకపోతే అసలు చూడనట్టే లెక్క మాకు. ఇప్పుడు మా మనవరాలు ఫోన్లో ఆ మొదలంతా వేలితో తోసేస్తుంది గానీ, తెర మీద ముందు ఏ చప్పుడు వినిపించింది, ఎవరి మొహం చూపించారు అన్నదాన్ని బట్టి అది ఏడిపించేదో, నవ్వించేదో, తన్నుకునేదో చెప్పేసేదాన్ని నేను. చదివింది ఐదో తరగతే (అందులోనూ లెక్కల పూట కడుపు నొప్పి వచ్చేది). ఈ చదువులో మాత్రం నాకు తిరుగు లేదు.

నేను రావికమతం దగ్గర పల్లెకి కొత్తగా కాపురానికి వచ్చాను. క్రషింగు రోజుల్లో మా ఆయన చెరకు ట్రాక్టరు తోలుకుని చోడవరం చక్కెర ఫ్యాక్టరీకి వెళ్తే, లైన్లో వంతు వచ్చేసరికి సాయంత్రమయ్యేది. అందుకని ఇంట్లో ఆడవాళ్ళం కూడా ట్రాక్టరెక్కి వెళ్ళి, మ్యాట్నీ చూసి, చెరకు దింపేసిన ట్రాక్టరు ఖాళీ ట్రక్కులో తిరిగొచ్చేవాళ్ళం. చిక్కల్లా మా అత్తగారితోనే. తెర మీద కత్తి కనిపించిందా, ఆవిడ కొంగు దులుపుకుని లేచిపోయేది. ఆవిడ లేస్తే అందరూ లేవాలి. "ఒదినా, ఇంటర్వెల్ తరవాత సినిమా ఎలాగుంటాదో మరిసిపోయేను," అని ఓ రోజు మా ఆడపడుచు ట్రాక్టరు మీదే నా చెవిలో మొర పెట్టుకుంది. పెళ్ళయ్యాక నాకదే మొదటి సినిమా. ఏమైనా సరే, ఆఖరి దాకా కూర్చోవాలనుకున్నాను.

లైట్లార్పారు. తెల్లవారుతోంది. ఫ్లూటు. వాకిట్లో ముగ్గు. ఉయ్యాల్లో పాప, పక్కన నవ్వుతూ తండ్రి, పిల్లాడికి అన్నం ముద్ద కలుపుతూ తల్లి. మా అత్తగారు కాళ్ళు బార్లా చాపి, మాడుగుల హల్వా పొట్లం విప్పి, "ఇది సంసారం సినిమా. నింపాదిగా కూకోండి," అంది. ఆడపడుచు మొహం వెలిగిపోయింది. నా గుండె జారిపోయింది.

ఎందుకంటే ఆ ఫ్లూటు ఆగడం లేదు. ముగ్గుని దగ్గర్నుంచి ఒకసారి చూపించారు, మళ్ళీ చూపించారు. అంత తీరిగ్గా చూపించిన ముగ్గు మీదికి జీపు రాక మానదు. నిజంగా సంసారం సినిమా అయితే ఈపాటికి తోడికోడళ్ళు బిందె దగ్గర దెబ్బలాడుకుంటూ ఉండాలి. పొద్దున్నే ఇంత సుఖంగా ఉన్నారంటే ఆ ఇంటికి మూడిందన్నమాటే. వాళ్ళు నవ్వినకొద్దీ నాకు చెమటలు పట్టాయి.

ఫ్లూటు టక్కున ఆగింది. కాకి అరిచింది. ఇక ఆగితే లాభం లేదని అత్తగారి చెవి దగ్గరికి వంగాను. "అత్తా, ఇప్పుడు జీపులొస్తాయి. కత్తులుంటాయి. తండ్రి పోతాడు గానీ తల్లి పోదు. ఆ గుంటడు పరిగెట్టి పరిగెట్టి పెద్దోడైపోతాడు, అప్పుడు పేర్లు పడతాయి. అందాకా కళ్ళు మూసుకో."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "తల్లి పోదని నీకెలాగ తెలుసే?"

"ఆవిడ కలిపిన ముద్ద గుంటడింకా తినలేదు కదా. అది తినిపించకుండా ఎలా పోతాది?"

అంతలో జీపు రానే వచ్చింది, సరిగ్గా ముగ్గు మీంచే. అత్తగారు నా మణికట్టు పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. లేవలేదు. పిల్లాడు పరిగెడుతూనే పెద్దవాడయ్యాడు, పేర్లు పడ్డాయి, "ఇంక తెరువు" అన్నాను.

ఆ తరువాత ఆవిడ ఒక్కసారే లేచింది. అయిపోయిందనుకుని నేనూ ఆడపడుచూ చెప్పులు వెతుక్కుంటున్నాం. ఆవిడ తెర వైపు చెయ్యి చాపి, "ఎనకాల సూడరా బాబూ, ఎనకాల!" అని హీరోని హెచ్చరించి మళ్ళీ కూర్చుంది. ఆఖర్న తల్లి దొరికింది. కొడుక్కి ముద్ద కలిపి నోట్లో పెట్టింది. అత్తగారు ముక్కు తుడుచుకుంటూ, ఒళ్ళో మిగిలిన హల్వా ముక్క తీసి నా నోట్లో పెట్టింది.

నిజం చెప్పొద్దూ, మొదటి సీను చూసి నేను తప్పు చెప్పింది ఆవిడ విషయంలోనే. కాపురానికి వచ్చిన రోజు గుమ్మంలో పళ్ళు బిగించి నిలబడిన ఆవిడని చూసి, ఇది ఫైటింగు సినిమాయే అని ఖాయం చేసుకున్నాను. (పన్ను నొప్పట పాపం, తరువాత తెలిసింది.)

మొన్నామధ్య మా చిన్నవాడి పెళ్ళయింది. అదే గుమ్మంలో, మోకాళ్ళ నొప్పికి మొహం ముడుచుకుని హారతి పళ్ళెంతో నిలబడ్డాను. కొత్త కోడలు తలెత్తి నన్ను చూసి, గబుక్కున దించేసుకుంది. ఏ సినిమా అనుకుందో ఏమో. వంటింట్లోకి వెళ్ళి హల్వా డబ్బా మూత తీశాను.